మా ఇంగ్లీషు మేష్టారు, మూడు గడుల నోటుబుక్కు

పంక్చువల్ అనే మాట ఎక్కడ విన్నా నాకు మా ఊళ్ళో పాలు పోసే అత్త గుర్తొస్తుంది. రేడియోలో ప్రాంతీయ వార్తలు మొదలయ్యేలోపు మా అరుగు మీద ఆవిడ గిన్నె చప్పుడు వినపడాల్సిందే, వానొచ్చినా, వాళ్ళ గేదె ఈనినా సరే. జెనరస్ అంటే, గ్లాసు మజ్జిగ అడిగితే చెంబు నింపి పైన ఇంత వెన్నముద్ద కూడా వేసిచ్చే ఎదురింటి మామ్మ. రిజర్వ్‌డ్ అంటే పోస్టాఫీసులో స్టాంపులు అమ్మే ఆయన, "ఎన్ని", "ఇదిగో" తప్ప మూడో మాట ఆయన నోట నేను వినలేదు. దాదాపు నలభై ఏళ్ళయింది, నేనూ ఇంగ్లీషు టీచర్నే అయ్యాను, ఇన్ని బ్యాచ్‌లకి ఈ మాటలు చెప్పాను, అయినా నాకు ముందు మనిషి గుర్తొచ్చి ఆ తర్వాతే అర్థం గుర్తొస్తుంది.

ఇదంతా మా ఇంగ్లీషు మేష్టారి పుణ్యం. ఆయన మా స్కూలుకి 1985లో వచ్చారు, అప్పుడు నేను ఎనిమిదో తరగతి. బందరు దగ్గర చిన్న ఊరు మాది, తెలుగు మీడియం, ఆరో క్లాసులో ఏబీసీడీలు దిద్దిన బ్యాచ్. ఆయన రోజూ బందరు నుంచి సైకిలు మీద, ప్యాంటుకి క్లిప్పులు పెట్టుకుని, క్యారేజీ మీద లావాటి డిక్షనరీ తాడుతో కట్టుకుని వచ్చేవారు. అప్పటికి మనుషుల గురించి చెప్పడానికి మాకు తెలిసిన ఇంగ్లీషు మాటలు రెండే, గుడ్, బ్యాడ్. ఇంకోటి ఉంది గానీ అది గుణం మాట అని కూడా మాకు తెలీదు, జ్వరం వచ్చిందని రాసే లీవ్ లెటర్ చివర యువర్స్ ఒబీడియంట్లీ అని పెడతాం చూడండి, అది. ఆ అక్షరాలు ఓ బొమ్మలా గుర్తుపెట్టుకుని దించేసేవాళ్ళం. ఒబీడియంట్ అంటే మాట వినేవాళ్ళనీ, సిన్సియర్లీ, ఫెయిత్‌ఫుల్లీ అన్నీ ఇలా మన గురించి మనం చెప్పుకునే మాటలేననీ ఆయన చెప్పేదాకా ఎవరూ చెప్పలేదు.

మొదటి రోజు ఆయన బోర్డు మీద "మై మదర్ ఈజ్" అని రాసి చాక్‌పీసు మా వైపు చాపారు. ఒకళ్ళ తర్వాత ఒకళ్ళం లేచి అందరం గుడ్ అనే అన్నాం. ఆయన కోప్పడలేదు. "సరే, ఎట్లా మంచిది? తెలుగులోనే చెప్పండి" అన్నారు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు, తర్వాత వెనక బెంచీ అబ్బాయి ఒకడు లేచి "మా అమ్మ ఎవరి దగ్గరా అప్పు ఉంచుకోదు సార్" అన్నాడు. ఇంక ఆగలేదు, ఒకడు "మా అమ్మ ఒకసారి కాదందంటే కాదంతే సార్" అని, ఇంకో అమ్మాయి "మా ఇంటికి ఎవరొచ్చినా అన్నం తినకుండా పోనివ్వదు సార్" అని, నేనేమో "మా అమ్మ ఎంత కష్టమొచ్చినా పైకి చెప్పదు సార్" అని. ఆయన ఒక్కోదాన్నీ మేం అన్నది అన్నట్టే తెలుగులో రాసి, ఎదురుగా ఒక్కో ఇంగ్లీషు మాట రాశారు. ఆనెస్ట్. ఫర్మ్. హాస్పిటబుల్. నేను చెప్పినదాని ఎదురుగా స్టోయిక్ అని రాశారు. ఆ సాయంత్రం ఇంటికి పరిగెత్తుకెళ్ళి "అమ్మా నువ్వు స్టోయిక్ అంట" అని చెప్తే అమ్మ పొయ్యి ఊదుతూ "ఏమో నమ్మా, మంచి మాటేనా" అంది.

ఆ మర్నాడే నోటుబుక్కు పెట్టించారు. లాంగ్ నోట్‌బుక్, పేజీకి నిలువుగా రెండు గీతలు, మూడు గడులు. మొదటి గడిలో ఇంగ్లీషు మాట, రెండో దాంట్లో తెలుగులో ఊళ్ళో జనం ఎలా అంటారో అలా, పుస్తకం తెలుగు కాదు, మూడో దాంట్లో మనిషి. రోజుకి రెండు మాటలు. రెండో గడి రాయడానికి మేం ఇంట్లో మామ్మల్ని, నీళ్ళ పంపు దగ్గర ఆడవాళ్ళని అడిగి తెచ్చేవాళ్ళం. ఫ్రాంక్‌కి ముక్కుసూటి మనిషి, టాక్ట్‌ఫుల్‌కి లౌక్యం తెలిసినవాడు, స్టింజీకి పిల్లికి బిచ్చం పెట్టనివాడు, ఇంపల్సివ్‌కి ముందూ వెనకా చూడనివాడు. ఇన్‌సిన్సియర్‌కి మా క్లాసు అబ్బాయి "చిలకలపూడి నగ" అని రాసుకొచ్చాడు, బందరు పక్కన చిలకలపూడి రోల్డ్‌గోల్డ్ నగలకి పేరు కదా, పైకి బంగారంలా ఉంటుంది, కాదు. మేష్టారు దాన్ని క్లాసంతటికీ రెండుసార్లు చదివి వినిపించారు. బ్రౌన్ దొర కూడా మన బందరులో ఉద్యోగం చేశాడర్రా, 1852లో అచ్చయిన ఆయన తెలుగు నిఘంటువు వెనక ఎంతమంది పండితులు కూర్చుని పనిచేశారో, మీరు చేస్తున్నదీ అదే పని అన్నారు. పదమూడేళ్ళ పిల్లలతో ఆ మాట అంటే ఎలా ఉంటుందో చెప్పలేను, మర్నాడు నేను మామ్మ దగ్గర్నుంచి ఏకంగా పదిహేను మాటలు పట్టుకెళ్ళాను.

ఆయన చెప్పిన తీరు కూడా అలాంటిదే, ఒకసారి వింటే పోదు. ఆనెస్ట్‌ని మేమందరం హానెస్ట్ అని చదివాం. "అందులో హెచ్ ఉంది కానీ నోరు మెదపదు, నిజాయితీ ఉన్నవాడు నేను నిజాయితీపరుణ్ణి అని అరిచి చెప్పుకోడు కదా, అలాగే" అన్నారు. హెచ్ పలకదు కాబట్టే ముందు ఎ రాదు, ఆన్ వస్తుంది, ఆన్ ఆనెస్ట్ మ్యాన్. ఇప్పటికీ మా క్లాసులో ఇదే చెప్తాను, ఇంతవరకు ఒక్కళ్ళు కూడా మర్చిపోలేదు.

వ్యతిరేక పదాలు చెప్పిన రోజైతే మరీను. సిన్సియర్‌కి ముందు ఇన్ వస్తుంది, మరి పేషెంట్‌కి, పొలైట్‌కి, మెచ్యూర్‌కి ఇమ్ ఎందుకొస్తుంది అని అడిగారు. మేం బట్టీ పట్టడమే తప్ప ఎందుకు అని ఎప్పుడన్నా అనుకుంటేగా. అద్దం లేదుగా, పక్కవాళ్ళ మూతులు చూడండి అని అందరితో ప, బ, మ పలికించారు, పెదాలు కలుస్తున్నాయి. తెలుగు క్లాసులో ఓష్ఠ్యాలు చదవలేదూ, ప ఫ బ భ మ, ఇంగ్లీషువాడికీ అవే పెదాలు, తర్వాత అక్షరానికి పెదాలు ఎలాగూ కలపాలి కాబట్టి న్ కాస్తా ముందే మ్ అయిపోయింది అన్నారు. ర్ ముందు అదే ఇర్ అయి ఇర్రెస్పాన్సిబుల్. అన్‌కైండ్‌లో అన్ మాత్రం ఎక్కడా మారదు, అది మొండిది అన్నారు. మా తెలుగు పండితులు స్టాఫ్ రూంలో ఈ సంగతి విని ప్రత్యేకంగా మా క్లాసుకొచ్చి గుమ్మంలో నిలబడి వెళ్ళారు, బాగా గుర్తు.

కానీ నా మనసులో బాగా నాటుకుపోయింది ఇంకో మాట. ఇంగ్లీషులో షి ఈజ్ కైండ్, హి ఈజ్ కైండ్, దే ఆర్ కైండ్, ఎవరైనా కైండ్ మాత్రం కదలదు, దానంతటది నిలబడుతుంది. తెలుగులో చూడండి, మంచివాడు, మంచిది, మంచివాళ్ళు, నేను మంచిదాన్ని, మేం మంచివాళ్ళం. మంచి అన్న మాట ఒక మనిషిని పట్టుకోకుండా వాక్యం చివర నిలబడలేదు. "అందుకే మూడో గడి పెట్టించాను, మనకి మనిషి లేకుండా గుణం తెలీదు" అన్నారు. భాషాశాస్త్రం పుస్తకాల్లో దీని గురించి తర్వాత చాలా చదివాను గానీ ఇంత తేలిగ్గా ఎవరూ చెప్పలేదు.

నైస్ అనే మాట ఆయన వాడనిచ్చేవారు కాదు. అది లాటిన్‌లో తెలియనివాడు అనే మాట నుంచి వచ్చిందనీ, ఇంగ్లీషులో మొదట్లో తెలివితక్కువవాడనే వాడేవారనీ, వందల ఏళ్ళు నలిగి నలిగి మంచివాడు అయ్యాడనీ చెప్పారు. మనకి అటునుంచి ఇటు, ఛాందసుడు అంటే వేదం చదువుకున్నవాడు, ఆయన కాస్తా మన ఇళ్ళల్లో చాదస్తం అయిపోయాడు. పాపం అనిపించింది నాకు, ఆ వేదం చదువుకున్నాయన మీద.

ఇంకా గ్రహాల సంగతి. ఒక శీతాకాలం సాయంత్రం స్పెషల్ క్లాసు, కరెంటు పోయింది, అందర్నీ గ్రౌండ్‌లో కూర్చోబెట్టారు. జోవియల్‌గా ఉంటాడు అని మనవాళ్ళు కూడా అంటారు కదా, జోవ్ ఎవరో తెలుసా అన్నారు. రోమ్ వాళ్ళ జూపిటర్, అంటే మన గురుడు, గురుడి చూపు పడి పుట్టినవాడు నవ్వుతూ ఉంటాడని అక్కడ కూడా నమ్మేవాళ్ళంట. మెర్క్యూరియల్ బుధుడి మాట, క్షణానికో రకంగా ఉండేవాడు. శాటర్నైన్ శనిది, ఎప్పుడూ ముభావంగా, మబ్బు పట్టినట్టు. మా మామ్మ పొద్దున లేస్తే ఎవర్నో ఒకర్ని శని పట్టినట్టు ఆ మొహం ఏవిట్రా అంటుంది కదా, ఆ చీకట్లో నాకు ఒళ్ళు జలదరించింది, సముద్రాలకి అవతల ఎవరో ముసలావిడ కూడా మనవణ్ణి అదే గ్రహం పేరు పెట్టి తిట్టి ఉంటుంది అనిపించి. లూనటిక్‌లో చందమామ ఉన్నాడని చెప్పారు, అందరం తలెత్తి చూశాం, ఆ రోజు సన్నటి నెలవంక.

ఇక చెడ్డ మాటల దగ్గర ఆయన పెట్టిన నియమం ఒకటుంది. లేజీ, గ్రీడీ, అరొగెంట్, జెలస్, ఇవి వచ్చినప్పుడు మూడో గడిలో ఊళ్ళోవాళ్ళ పేరు గానీ పక్క బెంచీ పేరు గానీ రాయకూడదు. నీ పేరే రాసుకోవాలి, తారీకు వెయ్యాలి, ఏదో ఒక రోజు నువ్వూ అలా ఉండే ఉంటావు, ఆ రోజు రాసుకో అన్నారు. మొదట్లో అందరం గింజుకున్నాం. జెలస్ వచ్చిన వారం నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంటుంది. నా పక్కన కూర్చునే అమ్మాయికి వాళ్ళ మేనమామ బెజవాడ నుంచి హీరో పెన్ను తెచ్చాడు, బంగారు రంగు క్యాప్, రాస్తుంటే చప్పుడు ఉండదు, నా దగ్గర రీఫిల్ కక్కే పెన్ను. ఆ క్యాప్ బెంచీ కింద పడితే నేను తీసి నా జామెట్రీ బాక్సులో పెట్టుకున్నాను. రెండ్రోజులు. ఆ పిల్ల నిబ్బుకి గుడ్డపీలిక చుట్టుకుని తెచ్చుకుంది, వేళ్ళ నిండా నీలం సిరా, నన్ను మాత్రం ఒక్క మాట అడగలేదు. ఆ వారం మేష్టారు జెలస్, స్పైట్‌ఫుల్ రెండూ ఇచ్చారు. తెలుగు గడిలో కళ్ళల్లో నిప్పులు పోసుకోవడం అని రాశాను, మూడో గడిలో నా పేరు, తారీకు. నోటుబుక్కులు దిద్దేటప్పుడు ఆయన ఆ గడి చూశారు, నా మొహం చూశారు, అందరికీ పెట్టినట్టే టిక్ పెట్టి ఇచ్చేశారు. మర్నాడు పొద్దున ప్రేయర్‌కి ముందే వెళ్ళి ఆ క్యాప్ దాని చేతిలో పెట్టి ఏడ్చేశాను. అది "నాకు తెల్సులే" అంది, అంతే. ఇప్పటికీ పండగలకి నాకు మొదటి ఫోను దాని దగ్గర్నుంచే వస్తుంది. నా నోటుబుక్కులో లాయల్ ఎదురుగా దాని పేరు ఉంది, అది ఆ తర్వాత వారం రాసింది.

ఇంటర్‌కి వెళ్ళాక ఈ మాటలకి ఇంకో మొహం ఉందని తెలిసింది. మేం చేరిన కాలేజీలో మొదటి యూనిట్ టెస్టు అవ్వగానే సెక్షన్లు మార్చారు, బ్రిల్లియంట్ వాళ్ళు ఒకవైపు, డల్ వాళ్ళు ఇంకోవైపు. లెక్చరర్ ఒకాయన అటెండెన్స్ తీస్తూ నా పేరు దగ్గర ఆగి "డల్" అని తనలో తను అనుకున్నట్టు అన్నాడు. తెలుగు మీడియం నుంచి వచ్చాను, ఫిజిక్స్ ఇంగ్లీషులో చెప్తే మూడు నెలలు అర్థం కాలేదు, అంతే. కానీ ఆ ఒక్క మాట రెండేళ్ళు నా నెత్తిన కూర్చుంది. మా మేష్టారు రెండేళ్ళపాటు ఒక్కో మనిషిని చూపించి ఒక్కో మాట ఇచ్చారు, ఇక్కడ మనిషిని చూడకుండానే మాట తగిలించేశారు. నేను టీచర్నయ్యాక ఇన్నేళ్ళల్లో ఏ ప్రోగ్రెస్ కార్డు మీదా ఆ మాట రాయలేదు, రాయనివ్వలేదు కూడా.

డిగ్రీలో ఫేర్‌వెల్‌కి ఆటోగ్రాఫ్ పుస్తకాలు, అందులో అందరూ అందరికీ స్వీట్, జోవియల్, మూడీ అని రాసుకోవడం, అదో సరదా. తర్వాత ఇళ్ళల్లో పెళ్ళిళ్ళ రోజులు, పేపర్లో ఆదివారం పెళ్ళి ప్రకటనల నిండా హోమ్లీ గర్ల్ వాంటెడ్. 1999లో అమెరికా వెళ్ళిన మా పిన్నికూతురు ఆఫీసులో వాళ్ళ అత్తగారి ఫోటో చూపించి మా అత్తయ్య చాలా హోమ్లీ అందంట, వాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారంట. మనకి ఇంటిపట్టున ఉండే అణకువ గల మనిషి, అమెరికా వాళ్ళకి ఆ మాటకి అర్థం చూడ్డానికి బాగోని మనిషి. పాపం అది ఆ రాత్రి ఫోను చేసి ఎంత బాధపడిందో. స్మార్ట్ కూడా అంతే, అబ్బాయి స్మార్ట్‌గా ఉన్నాడు అంటే మనం క్రాఫు, షర్టు చూసి అంటాం, వాళ్ళు బుర్ర చూసి అంటారు.

1994లో నేను బీఎడ్ చేస్తున్నప్పుడు సైకాలజీ పేపర్లో ఆల్‌పోర్ట్ అనే అమెరికా సైకాలజిస్టు గురించి చదివాను. 1936లో ఆయనా ఆడ్‌బర్ట్ అనే ఇంకాయనా కలిసి లావాటి వెబ్‌స్టర్ డిక్షనరీ మొత్తం జల్లెడ పట్టి, ఒక మనిషిని ఇంకో మనిషి నుంచి వేరుచేసి చెప్పగలిగే మాటలన్నీ ఏరితే 17,953 వచ్చాయట. అందులో నిలకడగా ఉండే గుణాలు అనదగ్గవి నాలుగున్నర వేలు. మనుషులకి ఏది ముఖ్యమో దానికి భాషలో మాట పుడుతుంది, కాబట్టి మాటలు ఏరితే మనిషి స్వభావం దొరుకుతుంది అని వాళ్ళ ఆలోచన. ఆ పేజీ చదువుతుంటే హాస్టల్ రూంలో నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి, మా నోటుబుక్కులో 412 ఉన్నాయి. మేష్టారికి చెప్పాలి, సార్ మనం చేసిందే వాళ్ళూ చేశారు అని చెప్పాలి అనిపించింది. కానీ అప్పటికి ఆయన ఎక్కడున్నారో తెలీదు.

ఎందుకంటే 1987లో ఆయనకి ట్రాన్స్‌ఫరయింది. వెళ్ళే ముందు వారం రెండో గడి నుంచి మొదటి గడికి రండి, ఈసారి మీరు తెలుగు మాట చెప్పండి, నేను ఇంగ్లీషు చెప్తాను అన్నారు. మొండికి ఆబ్‌స్టినేట్ వచ్చింది, అమాయకుడికి ఇన్నసెంట్, నాయీవ్ రెండూ వచ్చాయి, గడుసు దగ్గర ష్రూడ్ అని రాసి సరిగ్గా సరిపోలేదు అని తల అడ్డంగా ఊపారు. నేను లేచి మొహమాటం అన్నాను. షై అని రాసి కొట్టేశారు, షై అయినవాడు మనుషుల దగ్గరికే రాడు, మొహమాటం ఉన్నవాడు దగ్గరే ఉంటాడు, కాదనలేడు, అడగలేడు. మోడెస్ట్ కాదు, పొలైట్ కాదు, హెజిటెంట్ కొంచెం దగ్గర, అదీ కాదు. డిక్షనరీ తీశారు, బెల్లు కొట్టినా కదల్లేదు. చివరికి మూసేసి "మొగమాటం, ఎదుటివాళ్ళ మొగం చూసి కాదనలేకపోవడం, దీనికి ఒక్క మాట నా దగ్గర లేదమ్మా, మొదటి గడి ఖాళీ ఉంచు, దొరికిన రోజు రాసుకో" అన్నారు.

మూడో గడిలో ఎవరి పేరు రాయాలో నాకు ఆ మర్నాడే తెలిసింది. సామాన్లు ముందే కొత్త ఊరికి పంపేసి, అందరికీ చెప్పి వెళ్దామని ఇల్లిల్లూ తిరుగుతూ ఆయన మా ఇంటికీ వచ్చారు. మధ్యాహ్నం ఒంటిగంట దాటింది, మండుటెండ, మొహం పీక్కుపోయి ఉంది. అమ్మ పీట వేసి అన్నం తినమంటే "ఇప్పుడే తినేసి వచ్చానమ్మా, వద్దు, మంచినీళ్ళు చాలు" అన్నారు. చెంబెడు నీళ్ళు ఆపకుండా తాగేశారు. అమ్మ ఇంకేం మాట్లాడకుండా లోపలికెళ్ళి కంచంలో మామిడికాయ పప్పు, ఊరమిరపకాయలు, అన్నం వడ్డించి తెచ్చి ముందు పెట్టి "మొహమాటపడకండి మేష్టారూ, పిల్లలకి చదువు చెప్పిన చెయ్యి, ఎంగిలిపడకుండా వెళ్తే మాకు ముద్ద దిగదు" అంది. నేను స్తంభం చాటు నుంచి చూస్తున్నాను. ఆయన నన్ను చూసి నవ్వారు. ఆ నవ్వు చూశాక లోపలికెళ్ళి నోటుబుక్కు తీసి, మొదటి గడి ఖాళీ, రెండో గడి మొహమాటం, మూడో గడి మేష్టారు అని రాశాను.

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు అమ్మ ట్రంకుపెట్టె అడుగున ఆ నోటుబుక్కు దొరికింది. అట్టకి వేసిన పాత పేపరు ముట్టుకుంటే పొడి అవుతోంది, లోపల పేజీలు మాత్రం బాగానే ఉన్నాయి. పాలు పోసే అత్త లేదు, ఎదురింటి మామ్మ లేదు, పోస్టాఫీసాయనా లేడు, గడుల్లో మాత్రం వరసగా కూర్చుని ఉన్నారు. ఒక్కో పేజీ అమ్మకి చదివి వినిపించాను. చివరి పేజీకి వచ్చాక అమ్మ ఆ ఖాళీ గడి మీద వేలు పెట్టి "దీనికింకా దొరకలేదా" అంది. లేదమ్మా, ఇంతవరకు దొరకలేదు అన్నాను. అమ్మ కాసేపు ఆ పేజీ వైపే చూసి, "ఆ రోజు పప్పు రెండోసారి ఆయనే అడిగి వేయించుకున్నాడు, నువ్వు అప్పటికే లోపలికెళ్ళిపోయావు" అంది.